లీటరుకు ఎనిమిది

కొత్త బండి వచ్చి ఇంటి ముందర ఆగంగనే మన దగ్గర జనం అడిగేటివి రెండే. ఎంతకు వచ్చింది? ఎంత ఇస్తది? బ్రేకు ఎట్లున్నదని అడిగినోడు నా సర్వీసు మొత్తంల ఒక్కడు కనపడలె. ఇప్పుడు స్టీరింగు నేర్చుకుంటున్న పిలగాండ్లు, షెడ్లల్ల కొత్తగ పానా పట్టిన పిలగాండ్లు చదువుతరని ఇది రాస్తున్న. నీతులు చెప్పెటందుకు కాదు. ఇన్నేండ్లయినా నా కోపం సల్లారలె, అందుకు.

నేను నల్లగొండ దిక్కు ఒక బస్సు డిపోల మెకానిక్కుగ చేసి రిటైరైన. బడిల నేర్చింది తక్కువ. బండ్లతోని వచ్చే పుస్తకాలను పక్కన డిక్షనరీ పెట్టుకొని, ఒక్కొక్క మాట కూడబలుక్కుంట చదివి నేర్చిందే ఎక్కువ. రిటైరైనంక ఇంట్ల ఉత్తగ కూసోబుద్ధి గాలె. కట్టంగూరు దాపున హైవే మీద ఒక రైసు మిల్లుల బండ్లు చూసుకునే పనికి కుదిరిన. మిల్లు యజమానిని అందరు సేఠు అనేటోళ్ళు. పుట్టుకతోని సేఠు కాదు, మా అసొంటి రైతు ఇంట్ల పుట్టినోడే. ఒక్క వడ్ల లారీతోని మొదలువెట్టి, మిల్లు పెట్టి, తెలంగాణ వచ్చినంక హైవే పొంటి భూములు ప్లాట్లు చేసి అమ్మి పైకొచ్చిండు.

ఆయన కారు నడిపేటోడు నాకు డిపోల పాత దోస్తు. నాకంటె చిన్నోడు, అన్నా అని పిలిచేటోడు. డిపోల ఉన్నన్ని దినాలు అతనికి పెద్ద పేరు. లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు తెచ్చిన డ్రైవరని ఏటేటా మీటింగు పెట్టి, శాలువ కప్పి, ఒక ప్రెషర్ కుక్కరు చేతిల పెట్టేటోళ్ళు. ఆ కుక్కర్లను వాడలె, అమ్మలె, అట్ట డబ్బాలల్లనే దాసుకున్నడు.

ఎట్ల తెచ్చేటోడో డిపోల తెల్వనోడు లేడు. దేవరకొండ దిక్కు రోడ్లన్ని ఎక్కుడు దిగుడే గద. ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలుగాంగనే ఇంజను బందు చేసేటోడు. బస్సు తన బరువుతోని తనే పోయేది. ఆ కాలపు బస్సుల స్టీరింగు తిప్పుడు రెక్కల బలంతోనే. బ్రేకేమో ట్యాంకిల నింపి పెట్టుకున్న గాలితోని పని చేస్తది. ఇంజను ఆగినా ఆ ట్యాంకిల కొన్ని తొక్కుళ్ళకు సరిపడే గాలి ఉంటది. తప్పు తప్పే, రూలు బుక్కుల వద్దనే రాసి ఉన్నది. కాని శాలువ కప్పిన ఏ పెద్దసారు గూడ “ఎట్ల తెచ్చినవయ్యా?” అని అడగలె. అంకె చదివిండు, చప్పట్లు కొట్టించిండు, ఫొటో దిగిండు, పోయిండు.

రిటైరయ్యేటప్పటికి అతని భార్యకు నడుము పూర్తిగ వంగిపోయింది. మర్రిగూడ దిక్కు పుట్టిన బిడ్డ. చిన్నప్పటి సంది ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిర్రబిగిసి, ముందటికి వంగి నడుస్తది. మెట్లు ఎక్కరాదు. నల్లగొండల కిరాయి ఇండ్లు చూస్తె కింద ఉన్నదానికి బాత్రూము దూరం, బాత్రూము దగ్గరున్నది మేడ మీద. సేఠు కారు డ్రైవరుకు మిల్లు కాంపౌండుల ఒక రూము ఇస్తడు. గడప సుత నేలకు సమానం, బాత్రూము లోపల్నే, మంచి నీళ్ళ నల్ల గోడకే. ఆ రూము కోసమే అతడు ఆ కొలువుల ఉన్నడు. జీతం తర్వాతి మాట.

ఇగ కారు సంగతి. పేరు రాయను. పరాయి దేశంల చేసింది. చూస్తె నాలుగు తలుపులు, వెనక డిక్కీ, మామూలు కారు లెక్కనే ఉంటది. ముందటి మూత లేపితె మటుకు ఎనిమిది సిలిండర్ల ఇంజను, దానికి రెండు టర్బోలు. రేసుల ఉరికెటందుకు చేసిన ఇంజనును మెత్తటి సీట్లున్న కారుల పెట్టిర్రు అనుకోండ్రి. మామూలు పెట్రోలు పోస్తె దానికి పడదు. ఖరీదు రకం పెట్రోలు పొయ్యాలె, అది హైదరాబాదుల కొన్ని బంకులల్లనే దొరికేది. ముందటి టైర్లు ఒక సైజు, వెనకటియి ఇంకొక సైజు. మన అలవాటు ప్రకారం ముందటియి వెనకకు, వెనకటియి ముందటికి మార్చుకుంట అరిగిందాక నడుపుదామంటె కుదరదు. ఒక్క టైరు పైసలతోని మంచి పాడిబర్రె వస్తది. బ్రేకు ప్యాడ్లు, ఆయిలు, అన్నిటికి కంపెనీ షోరూముకే పోవాలె. ఆడ బిల్లు ఇచ్చేటోడు ముందుగాల మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత కాయిదం ఇస్తడు.

ఈ ఖర్చులన్నిటికి సేఠు కిక్కురుమనలె. గొప్పగనే చెప్పుకునేటోడు సుత. ఆయనకు గుచ్చుకున్నది ఒక్కటే. ఆ కారు లీటరుకు ఐదు ఇచ్చేది. లారీ మీద బతికి పైకొచ్చిన మనిషికి డీజిలు లెక్క రక్తంల ఉంటది. కారుల సగటు చూపే మీటరు దిక్కు చూసినప్పుడల్లా మొఖం మాడ్చుకునేటోడు.

అది గూడ ఓర్చుకునునేమో. ఒక ఫంక్షన్ల వియ్యంకుడు అందరి నడుమ అడిగిండు.

“బావా, నీ కారు లీటరుకు ఎంత ఇస్తదే?”

సేఠు అబద్ధం ఆడలేకపోయిండు. “ఐదు” అన్నడు.

“ఐదా? నా ట్రాక్టరు నయం గద బావా! కారు తోలుడెందుకు, బంకు పక్కన జాగా తీసుకొని ఆడనే ఇల్లు కట్టుకో.”

అన్నం తినెటోళ్ళంత నవ్విర్రు. నేను, డ్రైవరు ఆఖరు బంతిల కూసున్నం. సేఠు చేతిల ముద్ద చేతిలనే ఉండుడు నేను చూసిన.

తెల్లారి షెడ్డు కాడికి వచ్చిండు. “ఎనిమిది రావాలె” అన్నడు.

“సేఠూ, ఇది ఉరికెటందుకు చేసిన ఇంజను. ఏనుగును కొనుక్కొని మేకంత మేత మేయమంటె ఎట్ల?” అన్న నేను.

ఆయన నా దిక్కు చూడలె. డ్రైవరు దిక్కు తిరిగిండు. “ఏమయ్యా, డిపోల నీకు కుక్కర్లు ఊకెనే ఇచ్చిర్రా? ఎనిమిది తెచ్చేటోడే ఈ కారు నడుపుతడు. నీతోని కాకుంటె చెప్పు, తిరుమలగిరి పోరడు ఒకడు తిరుగుతుండు. కారు వానిదే, రూము వానిదే.”

ఆ దినం సంది నా దోస్తుకు నిద్ర లేదు. కాలు కింద గుడ్డు పెట్టుకున్నట్టు యాక్సిలేటరు తొక్కిండు. డిక్కీల సామాను తీసేసిండు. పొద్దుగాల్నే టైర్లల్ల గాలి చూసుకునేటోడు. సేఠు లేనప్పుడు ఏసీ బందు పెట్టి చెమటల తడుసుకుంట నడిపేటోడు. ఆరు దాటింది, ఆరున్నర కాడ ఆగింది. ఇగ లేవలె.

అప్పుడు పాత అలవాటు బయటికొచ్చింది. దిగుడుల గేరు న్యూట్రల్ చేసి, బటను ఒత్తిపట్టుకొని ఇంజను ఆపుడు. ఆ కారు ఊకోదు. టింగు టింగుమని మొత్తుకుంటది, ఎదురుంగ ఎర్ర అక్షరాలు పడుతయి. అలవాటైనంక అవ్వి గూడ వినపడవు మనిషికి.

నాకు ఎరుకైన దినం షెడ్డుల పట్టుకొని కూసోబెట్టిన. కారు పుస్తకం ముందట పెట్టిన. “ఇది బస్సు గాదు తమ్మీ. దీనికి గాలి ట్యాంకి లేదు. ఇంజను ఆగినంక బ్రేకు ఒక్కపారి, రెండుపార్లు మెత్తగ పడుతది. ఆ తర్వాత రాయి. రెండు కాళ్ళతోని తొక్కినా దిగదు. స్టీరింగు గూడ గట్టివడుతది.”

“రెండుపార్లు చాలన్నా. నేను ఎక్కువ తొక్కను.”

“ఇంకోటి విను. గేరులనే ఉంచి యాక్సిలేటరు మీద కాలు తీసి దిగు. ఈ ఇంజనుకు అప్పుడు పెట్రోలు పోనే పోదు, అదే బందు చేసుకుంటది. నువ్వు ఆపినా ఆపకున్నా కొండ దిగేటప్పుడు ఒక్క చుక్క మిగలదు.”

నవ్విండు. “నువ్వు పుస్తకం చూసి చెప్తున్నవు. నేను రోడ్డు చూసి చెప్తున్న. ఇంజను తిరుగుతుంటె తాగకుండ ఎట్లుంటదే?”

అప్పుడు నేను ఇంకో దారి చెప్పిన. ఆ సగటు చూపే మీటరు ఉన్నదే, దాన్ని బటను నొక్కి సున్న చెయ్యొచ్చు. హైవే మీద తీరుగ పోయేటప్పుడు సున్న చేసి, మిల్లుకు వచ్చిందాక అదే చూపిస్తె సేఠుకు ఎనిమిది కనపడుతది. ఎవని ప్రాణం పోదు.

అతని మొఖం మారింది. “దొంగ లెక్క చూపియ్యాల్నా? ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క దొంగ లెక్క రాయలె నేను. నాకు కప్పిన శాలువలు దొంగయా?”

చెప్పుండ్రి ఇప్పుడు. దొంగ లెక్క రాసేటోడైతే ఈ కథ ఆడనే ఒడిసిపోతుండె. నీతిగల్లోడు గాబట్టి ప్రాణాల మీదికి వచ్చింది. ఈ ముచ్చట యాదికొచ్చినప్పుడల్లా ఎవల మీద కోపం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు.

ఒకనాడు దేవరకొండ రోడ్డుల నేను ముందటి సీట్ల కూసున్న, సేఠు వెనక. దిగుడు వచ్చింది, ఇతడు ఇంజను ఆపిండు. కారుల పిట్ట సప్పుడు లేదు. సేఠు పేపరు దించి అడిగిండు, “ఏంది, సప్పుడే లేదు?”

“దిగుడే గద సేఠూ.”

సేఠు కొద్దిసేపు అద్దం బయటికి చూసిండు. ఇంజను ఆగిందని లారీ నడిపిన మనిషికి ఎవలన్న చెప్పాల్నా? “శభాష్” అని మళ్ళ పేపరు పట్టుకున్నడు.

ఇంకొన్ని దినాలకు మీటరు మీద ఎనిమిది పడ్డది. ఎట్లనో దేవునికెరుక, గాలి కలిసొచ్చిందో, రోడ్డు కలిసొచ్చిందో. సేఠు మిల్లుల అందరికి జిలేబి పంచిండు. ఆడనే నిలబడి వియ్యంకునికి ఫోను కొట్టిండు. వియ్యంకుడు అసలే వంకర మనిషి. “నా కండ్లతోని చూస్తెనే నమ్ముత బావా. కార్తీకంల శ్రీశైలం పోదాం. నేను ముందటి సీట్ల కూసొని మీటరు చూస్త” అన్నడు.

ఆ పొద్దు కారుల సేఠు, వియ్యంకుడు. వెనక జీపుల ఆడోళ్ళు, జీపు నేను నడుపుతున్న. డిండి దాటి, అచ్చంపేట దాటి, మన్ననూరు కాడ ఘాటు ఎక్కినం. ఎక్కుడుల ఏ కారైనా తాగుతది, ఇదైతే పీపాలు మింగినట్టు తాగుతది. పైన అడవిల చాయ తాగెటందుకు ఆగినం. వియ్యంకుడు కారు దిగుడు దిగుడే అంటుండు, “ఏడికి పాయె బావా నీ ఎనిమిది? ఐదున్నరకు వచ్చింది! ఇంటికి పొయ్యేసరికి మనమే నూకాలె!”

సేఠు డ్రైవరు దిక్కు చూసిండు. డ్రైవరు చాయ సగంల పారబోసిండు. నేను దగ్గరికి పోయి, “వద్దు తమ్మీ. ఇది దేవరకొండ రోడ్డు కాదు” అన్న. “ఇప్పుడు దిగుడే గద అన్నా. లేస్తది” అన్నడు. నాతోని అదే ఆఖరు మాట, చాన దినాల దాక.

దోమలపెంట దాటినంక డ్యాము దిక్కు రోడ్డు మెలికలు మెలికలు దిగుతది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కొద్ది దూరం పోంగనే ముందట ఆ కారు పొగగొట్టాల గురగుర ఆగిపోయింది. నా జీపు అద్దం దించి ఉన్నది, నాకు సాఫుగ తెలిసింది. హారను మీద హారను కొట్టిన. వెనక ఆడోళ్ళు ఎందుకు కొడుతున్నవని తిట్టిర్రు.

మొదటి మలుపుల వెనక ఎర్రలైట్లు వెలిగినయి, కారు మెల్లగయ్యింది. రెండో మలుపుల వెలిగినయి, కొద్దిగ మెల్లగయ్యింది. ఆ తర్వాత లైట్లు వెలిగి అట్లనే ఉన్నయి. ఆరుతలేవు. కారు ఆగుతలేదు. ఆ ఎర్రలైట్ల వెనక రెండు కాళ్ళు పెడలు మీద నిలబడి ఉన్నయని నాకు ఒక్కనికే తెలుసు ఆ రోడ్డు మీద.

మలుపు కాడ కొండ పక్కకు ఒకామె సీతాఫలాల గంపలు పెట్టుకొని కూసున్నది. ఎడమకు తిప్పితె లోయ, కుడికి తిప్పితె కొండ. కొండకు తిప్పిండు. ఎవడైనా అదే తిప్పుతడు.

ఆ కారుకు ఎందుకంత ఖరీదో ఆ పూట కండ్లార చూసిన. గాలి సంచులు ఎటునుంచి ఎటు వచ్చినయో, లోపలోళ్ళ ముగ్గురికి చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. బయటున్న ఆమెకు ఏ సంచీ లేదు. మేం పోయేసరికి అయిపోయింది. నా దోస్తు ఆమె పక్కన రోడ్డు మీద కూసొని, చెదిరిన పండ్లు ఏరి గంపల ఏస్తుండు. వియ్యంకుడు చెట్టు పట్టుకొని కక్కుకుంటుండు. సేఠు నా భుజం పట్టి, “బ్రేకు ఫెయిలైందను” అన్నడు.

బ్రేకు ఫెయిల్ కాలె. కంపెనీ నుంచి వచ్చినాయన కారుకు ఒక మిషిని తగిలించి చూసిండు. ఎక్కడ ఇంజను ఆపిర్రు, ఆపినంక ఎన్నిపార్లు బ్రేకు తొక్కిర్రు, కారే అన్ని యాది పెట్టుకున్నది. డ్రైవరు కావాలని ఇంజను ఆపిండని కేసు రాసిర్రు.

ఠాణా ముందట ఆమె పెనిమిటి నిలబడి ఉన్నడు. అడవిల తేనె, పండ్లు అమ్ముకొని బతికే మనిషి. నన్ను ఒక్కటే అడిగిండు, “ఇంజను ఎందుకు ఆపిండు సారూ?”

“పెట్రోలు మిగులుతదని.”

“గంత పెద్ద కారోళ్ళకు పెట్రోలు కరువా?” అన్నడు. తిట్టినట్టు అనలె. నిజంగనే తెల్వక అడిగిండు. ఆ దిగుడుల ఒక్క చుక్క గూడ మిగల్లేదని ఆయనకు ఎట్ల చెప్పాలె?

మిల్లుకు వచ్చినంక సేఠును నిలదీసిన. “నీ ఎనిమిది కోసమే ఇదంత” అన్న.

“ఎనిమిది అన్న. నిజమే. ఇంజను బందు చేయమన్ననా? చెప్పు, ఏనాడన్న అన్ననా?”

“దేవరకొండ రోడ్డు మీద శభాష్ అన్నవు.”

“శభాష్ అనుడు గూడ నేరమేనా?” అన్నడు. ఆయన మాటల తప్పు పట్టెటందుకు సందు లేదు. డిపోల శాలువ కప్పిన సార్లు గూడ గింతనే. అంకె అడుగుతరు, ఎట్ల అని అడగరు. అడిగితె తెలుస్తది. తెలిస్తె పాపంల వాటా వస్తది.

కేసు కోర్టుకు వచ్చింది. పిలిస్తె పోయిన, పిలవకున్నా పోదును. సేఠు ఎనిమిది రావాలన్నది, రూము వేరెటోనికి ఇస్తనన్నది, దేవరకొండ రోడ్డు మీద శభాష్ అన్నది, అన్ని చెప్పిన. జడ్జిగారు బోనుల ఉన్న నా దోస్తును అడిగిండు, “ఈయన చెప్పింది నిజమేనా? ఇంజను ఆపమని నీ యజమాని ఒత్తిడి చేసిండా?”

అతడు నా దిక్కు చూడలె. “లేదు సార్. సేఠుకు ఏం తెల్వదు. నాకే అలవాటు. ఈయనకు సేఠు మీద పాత పగ ఉన్నది.”

కోర్టుల నలుగురు నవ్విర్రు. నేను బయటికొచ్చి, మిల్లుకు పోకుండ ఇంటికి పోయిన. ఆ కొలువుల మళ్ళ అడుగు పెట్టలె. అతనికి శిక్ష పడ్డది, లైసెన్సు పోయింది. చచ్చిపోయిన ఆమె ఇంటోళ్ళకు ఎంత వచ్చిందో, అసలు వచ్చిందో లేదో నాకు తెల్వదు. అడుగుదామని రెండుపార్లు బస్సు ఎక్కి అచ్చంపేట దాక పోయి, ఆడినుంచి ముందుకు కాలు పడక వాపసు వచ్చిన.

అతడు జైలుకెళ్ళి బయటికొచ్చిండని చాన దినాలకు తెలిసింది. ఉండబట్టలేక మిల్లు దిక్కు పోయిన. గేటు కాడ వాచ్‌మన్ డ్రెస్సేసుకొని స్టూలు మీద కూసున్నడు. డ్రెస్సు వదులైంది, బెల్టు బొక్కలు చాలక కొత్త బొక్క పొడుసుకున్నడు. నన్ను చూసి లేసి స్టూలు నా దిక్కు జరిపిండు. నేను కూసోలె.

“కోర్టుల నలుగురి ముందర నన్ను అబద్ధాలోన్ని చేసినవు. గీ గేటు తీసెటందుకేనా?” అన్న.

లోపలి దిక్కు చూసిండు. ఆ రూము గడపల అతని భార్య ముందటికి వంగి కూసొని చాటల బియ్యం ఏరుతున్నది. నడుము ఇంకా వంగింది, మొఖం చాటకు ఆనినట్టు ఉన్నది.

“నేను జైల్ల ఉన్నన్ని దినాలు ఆమెను ఆ రూముల నుంచి ఎవ్వరు లేపలె అన్నా” అన్నడు. “సేఠు మాట నిలబెట్టుకున్నడు.”

“మాటనా? ఏం మాట? ఎప్పుడిచ్చిండు?”

రోడ్డు మీద హారను కొట్టిర్రు. కొత్త కారు, నల్లది, ముందటిదానికంటె పొడుగుది. నా దోస్తు టోపీ సవరించుకొని ఉరికి గేటు తీసిండు. కారు లోపలికి పోయిందాక చెయ్యి నొసటికి పెట్టుకొని నిలబడ్డడు. అద్దాలు ఎత్తి ఉన్నయి, లోపలున్నది ఎవరో కనపడలె. గేటు మూసి వచ్చి నా ముందట నిలబడి, వగర్చుకుంట అన్నడు:

“తిట్టు అన్నా. ఎంత తిడుతవో తిట్టు. జర మెల్లగ తిట్టు, ఆమెకు వినపడుతది. ఆ రూము ఊకెనే ఇచ్చిర్రని అనుకుంటున్నది.”